పిల్ల వీణతో బొబ్బిలికి

ఎల్బీనగర్ మెట్రో కింద, ఆంధ్రా బస్సుల కోసం జనం సంచులతో నిలబడే చోట, ఒక బండి మీద పనస తొనలు అమ్ముతున్నారు. రాత్రి ఏడున్నరైనా వైశాఖం వేడి రోడ్డులోంచి ఇంకా పైకి కొడుతూనే ఉంది. బండి అతను ఒక కాయ తీసి అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. తల అడ్డంగా ఊపి కింద పెట్టేశాడు. ఇంకోటి తీసి తట్టాడు. ఈసారి కత్తికి నూనె రాశాడు. నేను చూస్తున్నానని తెలిసి, "అది ఇంకా గట్టిగనే ఉందన్నా, సప్పుడే చెప్తది" అన్నాడు. తర్వాత నా భుజాన ఉన్న గుడ్డ సంచీ వంక చూసి, "బుల్‌బులా?" అని అడిగాడు.

"గిటార్."

"గింత చిన్నగనా!"

ఆ మాట అననివాళ్లు తక్కువ. ఇప్పుడు దుకాణాల్లో గోడలకు వేలాడేవాటిలో చాలావరకు డ్రెడ్‌నాట్ బాపతు. అది బ్రిటిష్ యుద్ధనౌక పేరు. పెట్టె పెద్దది గనక దానికీ ఆ పేరే పెట్టారు. అమెరికాలో మార్టిన్ కంపెనీ 1916లో డిట్సన్ అనే సంస్థ కోసం చేసి, 1931 నుంచి సొంత పేరుతో అమ్మింది. దాని కింది బొజ్జ అడ్డంగా 15న్నర అంగుళాల పైనే ఉంటుంది. నాది 13న్నర. పంతొమ్మిదో శతాబ్దంలో మామూలు గిటార్లు ఇంచుమించు ఇంతే ఉండేవి. ఇంటి ముందుగదిలో నలుగురు కూర్చుని వినే వాయిద్యాలు కాబట్టి వాటికి తర్వాత్తర్వాత పార్లర్ గిటార్లన్న పేరు వచ్చింది. హాళ్లు పెరిగాయి, పక్కన బాంజోలూ ఫిడేళ్లూ చేరాయి, వాటి మధ్య వినపడాలని గిటార్ పొట్ట పెంచింది. చిన్నదాన్ని పిల్లల సరుకు కింద జమకట్టడం అక్కణ్ణుంచే మొదలై ఉంటుంది. నిజానికి ఒళ్లో పెట్టుకుని మెల్లగా మీటితే దీని సుఖం దీనిదే. మంద్రంలో ఆ గుమ్మనడం ఉండదు గానీ ప్రతి తీగా వేరువేరుగా, తేటగా పలుకుతుంది.

నాది కోఠీలో పాత సామాన్ల దుకాణంలో కొన్న కలకత్తా సరుకు. ఏప్రిల్‌లో దాన్ని కిటికీ పక్కన వదిలేసి ఊరెళ్లాను. తప్పు పూర్తిగా నాదే. ఎండకు జిగురు మెత్తబడి, తీగల లాగుడుకు బ్రిడ్జి వెనకవైపు లేచింది. సందులో పోస్టుకార్డు దూరేంత. ఆరు ఉక్కు తీగలు కలిసి లాగే బరువు ఏభై కిలోలకు పైమాటే. ఆ బరువుకు అడ్డం నిలబడేది ఒక్క జిగురు పొర. నగరంలో అడిగినచోటల్లా "దీనికి పెట్టే డబ్బుతో కొత్తదొస్తుంది సార్" అన్నారు. పక్కింటి పిన్నిగారు పిల్లలకు వీణ చెబుతుంది. ఆవిడ మాత్రం, "కొత్తది కొనమనేవాళ్ల దగ్గరికెందుకు నాయనా, చేసేవాళ్ల దగ్గరికి పో. గొల్లపల్లి పో. పనిలో పనిగా నా వీణకు మేళం ఎప్పుడు కడతారో కనుక్కురా" అంది. గిటార్ మరమ్మతుకు వీణల ఊరికి వెళ్లడమేమిటని రెండు రోజులు నవ్వుకున్నాను. మూడో రోజు టికెట్ తీశాను.

కొత్తపేటలో పెరిగినవాడికి చెక్క గురించి ఒక్క సంగతైనా తెలిసే ఉంటుంది, పళ్ల పెట్టెల సంగతి. గడ్డిఅన్నారం పళ్ల మార్కెట్ 22 ఎకరాల్లో మా వీధి చివరే ఉండేది. మామిడి సీజన్లో తెల్లవారుజామున లారీల హారన్లు, వరిగడ్డి, పండిన కాయ వాసన, హమాలీల కేకలు. మామిడి పెట్టెలకు వాడేది పల్చటి నాసి చెక్క, మేకు కొడితే చీలిపోయేది. అలాంటి పెట్టె ఒకటి విరగకుండా దొరికితే దానికి చీపురు కర్రలాంటి బద్ద ఒకటి కొట్టి, చేపల గాలం దారం మూడు పోగులు లాగి కట్టేవాళ్లం. అగ్గిపెట్టె దానికి గుర్రం, అంటే తీగలు ఆనే బ్రిడ్జి. అమెరికాలో పేదవాళ్లు చుట్టల పెట్టెలతో ఇదే పని చేశారని తర్వాత చదివాను. మా పెట్టె మీటితే దోమ పాడినట్టుండేది. అయినా ఒక విషయం పట్టుబడింది: అడుగు పలక ఊడిపోయిన పెట్టె కూడా మోగుతుంది, పై పలక పగిలితే మాత్రం నోరు పడిపోతుంది. 2021లో మార్కెట్‌ను బాటసింగారం తరలించారు. ఆ జాగాలో ఇప్పుడు పెద్దాసుపత్రి లేస్తోంది. క్రేన్ల కింద నిలబడితే మామిడి వాసన వస్తుందేమోనని ఇప్పటికీ ముక్కు ఎగబీలుస్తాను. సిమెంటు దుమ్ము తప్ప ఏం రాదు.

బస్సులో గిటార్‌ను పైన సామాన్ల అరలో పెట్టమన్నాడు క్లీనర్. పెట్టలేదు. రాత్రంతా నా కాళ్ల మధ్యే ఉంది. తీగలన్నీ వదులు చేసేశాను కాబట్టి గుంత పడినప్పుడల్లా లోపల్నుంచి ఒక మూలుగు. పక్క సీటాయన చిట్యాల దాటాక నిద్రలోకి జారాడు, తాడేపల్లిగూడెం దగ్గర లేచి, "మీ సంచీలో ఏదో ఉందండీ, బతికున్నది" అన్నాడు.

విశాఖ తెల్లవారుతుండగా వచ్చింది. ఈ ఊళ్లోనే సి.వి. రామన్ బాల్యం గడిచింది. తండ్రి ఇక్కడ ఏవీఎన్ కాలేజీలో లెక్కలూ భౌతికశాస్త్రమూ చెప్పేవాడు, ఇంట్లో ఫిడేలు వాయించేవాడు. రామన్ పేరు చెబితే అందరికీ సముద్రపు నీలం గుర్తుకొస్తుంది, నాకు 1921లో ఆయన రాసిన చిన్న వ్యాసం గుర్తుకొస్తుంది. వీణ, తంబురాల గురించి. తీగను సరిగ్గా ఏ చోట మీటితే ఆ చోట కదలిక లేని స్వరాంశాలు వినపడకూడదని పాశ్చాత్యుల సూత్రం. మన వాయిద్యాల్లో అవి వినపడుతున్నాయని ఆయన చూపించాడు. కారణం గుర్రం. గిటార్‌లో తీగ ఆనేది సన్నటి అంచు మీద. వీణలో వెడల్పాటి, కొద్దిగా వంపు తిరిగిన లోహపు పలక మీద. తీగ ఊగినప్పుడల్లా ఆ వంపును తాకుతూ వదులుతూ ఉంటుంది, నాదం ఆ రాపిడిలోంచే పూస్తుంది. సూత్రం తప్పని కాదు, ఆ సూత్రానికి వీణ లొంగదంతే. కిటికీలోంచి సముద్రం వైపు చూద్దామనుకున్నాను. ఫ్లైఓవరే కనపడింది.

విజయనగరంలో ఉప్మా తిని, సంగీత కళాశాల దాకా నడిచొచ్చాను. 1919లో ఆనంద గజపతుల తర్వాతి తరం రాజు విజయరామ గజపతి పెట్టించాడు. చాగంటి జోగారావు అనే ఆయన కొడుకు గంగబాబుకు చూపు లేదు. ఆ కుర్రాడికి సంగీతం చెప్పించడానికి మొదలైన బడి అది. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, ఆ తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు. ఘంటసాల, సుశీల ఇక్కడ చదువుకున్నవాళ్లే. ఒక్కడి కోసం తెరిచిన తలుపులోంచి ఎంతమంది వచ్చారో. సెలవులు కాబట్టి తాళం వేసి ఉంది. గజపతినగరం, రామభద్రపురం మీదుగా ఆర్టీసీ బస్సులో బొబ్బిలి చేరేసరికి పదిన్నర దాటింది.

గొల్లపల్లి బొబ్బిలిని ఆనుకునే ఉంటుంది. ఆటో అతనికి "వీణలు" అన్న మాట చాలు. సర్వసిద్ధి ఇంటిపేరు వాళ్లు తరతరాలుగా చేస్తున్న పని ఇది. పదిహేడో శతాబ్దంలో బొబ్బిలి ఏలిన పెద్దరాయుడి కాలం నుంచి ఉందంటారు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వీణల తయారీ కేంద్రంలో అడుగు పెట్టగానే తగిలింది వాసన. కోసిన పనస కర్ర వాసన పండు వాసనలా ఉండదు, కొంచెం తేనె, కొంచెం పచ్చి వగరు. నేలంతా పసుపు. బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు రంగు వేసింది ఈ పనస పొట్టుతోనే. అక్కడ కూర్చున్నవాళ్ల చేతులు, గోళ్లు, కనుబొమలు కూడా అదే రంగులో ఉన్నాయి.

ఒక పెద్దాయన చేతిలో ఉలి ఆపి నా సంచీ చూశాడు. విప్పాను.

"ఏటి బాబూ ఇది? పిల్ల వీణేటి?"

చెప్పాను, ఎక్కడ్నుంచి వచ్చానో, ఎందుకొచ్చానో. ఆయన బ్రిడ్జి చూడలేదు. గిటార్ తిప్పి, పై పలకను బొటనవేలి కణుపుతో నాలుగు చోట్ల కొట్టాడు. మెడ దగ్గర టక్కుమంది, బ్రిడ్జి కింద కాస్త లోతుగా. "లోపల బద్దలు పెట్టారు గదా, అడ్డంగా" అన్నాడు. అవును. గిటార్ పై పలక రెండున్నర మూడు మిల్లీమీటర్లకు మించదు. తీగల బరువుకు కుంగిపోకుండా లోపల బద్దలు అతికిస్తారు. ఇప్పటి ఉక్కు తీగల గిటార్లలో ఎక్కువగా కనపడే కత్తెర బద్దల పద్ధతి 1840ల్లో అమెరికాకు వలసొచ్చిన జర్మన్లతో మొదలైంది, మార్టిన్ కంపెనీ దాన్ని తన ముద్రగా చేసుకుంది. ఆ కంపెనీ పెట్టిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ జర్మనీలో మార్క్‌న్యూకిర్షెన్ ఊరివాడు, వడ్రంగుల సంఘం మనిషి. గిటార్లు చేసే హక్కు మాదేనని వయొలిన్ చేసేవాళ్ల సంఘం గొడవకు దిగింది. 1833లో ఆయన ఓడెక్కేశాడు. ఈ కథ చెబితే పెద్దాయన నవ్వాడు. "ఏ దేశంలోనైనా అంతే బాబూ. కర్ర ఒకలది, పేరు ఒకలది."

బ్రిడ్జి పని తర్వాత చూద్దామన్నాడు. ఆయన ఒళ్లో ఉన్నది ఏకాండి వీణ. కుండ, దండి, చివరి యాళి ముఖం అన్నీ ఒకే మొద్దులోంచి తీసేది. అతుకు ఉన్నచోట నాదం ఆగుతుందని వాళ్ల నమ్మకం. బాడితతో బయటి రూపం తీసి, కుండ లోపల ఉలితో తొలుస్తూ వస్తారు. నేను చూసినంతసేపూ ఆయన కొలబద్ద ముట్టలేదు. ఎడమచేతి బొటనవేలు లోపల, నాలుగు వేళ్లు బయట, గోడ మందం పట్టి చూడటం. రెండు పెచ్చులు లేపడం. కుండను చెవి దగ్గరకు ఎత్తి తట్టడం. తట్టినప్పుడు కళ్లు మూసుకుంటాడు. ఒకసారి తట్టి చాలాసేపు ఆగాడు, మళ్లీ అదే చోట తట్టి, ఉలి మార్చి, గోరంత పొర లేపాడు. అంతే, పక్కన పెట్టేశాడు. "ఇంకొంచెం తీస్తే?" అన్నాను. "తీసీడం తేలికే. పెట్టడానికి మళ్లీ రాదు గదా." ఎల్బీనగర్ పనసబండి గుర్తొచ్చింది. అక్కడ తప్పు తడితే ఒక కాయ పోతుంది, ఇక్కడ నెలల పని.

గిటార్ పని దీనికి తలకిందులు. అక్కడ దుంగను తొలవరు. పక్క పలకలు నీళ్లలో తడిపి, కాలిన ఇనప గొట్టం మీద వంచి, పల్చటి పలకలన్నీ జిగురుతో కలుపుతారు. పెట్టె తయారయ్యేది అతుకులతోనే. మనవాళ్లు ఇరుగుడు, జిట్రేగి అని పిలిచే మన రోజ్‌వుడ్ 1969 నుంచి మార్టిన్ గిటార్లకు వెనక, పక్క పలకలుగా వెళ్తోంది, బ్రెజిల్ కలప దొరకడం కష్టమయ్యాక. స్పెయిన్‌లో తొర్రెస్ అనే మహా శిల్పి 1862లో వెనకా పక్కలూ అట్టతో చేసి, పై పలక ఒక్కటే మంచి చెక్క పెట్టి ఒక గిటార్ చేశాడు. నాదమంతా పై పలకదేనని రుజువు చేయడానికి. మా మామిడి పెట్టె కూడా అదే చెప్పిందని నాకు గర్వం. పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు. "కుండ లేకుండా పలకేటి పలుకుద్ది? అట్ట పెట్టినా కుండ ఉన్నాది గదా, గాలి ఉన్నాది గదా." తొర్రెస్ తరఫున నాకు జవాబు తోచలేదు.

ఎదుటి బల్ల మీద ఒక కుర్రాడు మేళం కడుతున్నాడు. తేనెమైనంలో బొగ్గుపొడి, గుగ్గిలం కలిపి దండి మీద రెండు వరుసల గట్టు పోస్తారు. అది వెచ్చగా ఉండగా 24 మెట్లనూ ఒక్కొక్కటే అమర్చడం. మీటి, చెవితో పట్టి, వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మీటి. 24 మెట్లు నిలకడగా పెట్టే పద్ధతి తంజావూరు రఘునాథ నాయకుడిది అంటారు. తెలుగులో కావ్యాలు రాసిన రాజు. గిటార్‌కు ఈ బాధ లేదు. గెలీలియో తండ్రి విన్సెంజో 1581లో లెక్క చెప్పేశాడు: ప్రతి మెట్టుకూ మిగిలిన తీగ పొడవులో 18వ వంతు తగ్గించుకుంటూ పో. ఇప్పటి యంత్రాలు ఆ లెక్కనే ఇంకాస్త సవరించి కోస్తాయి. లెక్క ప్రకారం కోసిన మెట్టు వందేళ్లయినా కదలదు. మైనం మీద మెట్టు ఎండాకాలం వస్తే కదులుతుంది, అందుకే పిన్నిగారి వీణకు మళ్లీ మేళం. ఇది లోపమా అని కుర్రాణ్ణి అడిగాను. తల ఎత్తకుండా, "కదల్దంటే మాకు పనుండదండి" అన్నాడు. పిన్నిగారి కబురు చెబితే, వీణ ఇక్కడికి తేవాలన్నాడు, వానలు పడ్డాక.

అసలు బేరం గోడ పక్కన అరలో ఉంది. అడుగు, అడుగున్నర పొడవున్న బుజ్జి వీణలు, వరసగా. కుండ, దండి, యాళి, పూల చెక్కడం, తీగలు, మెట్లు, అన్నీ ఉన్నాయి. సన్మానాలకు, పెళ్లిళ్లకు, మంత్రుల చేతుల మీదుగా ఇచ్చేవి. ఒకటి తీసి మీటాను. టిక్, అంది. అంతే. పెద్ద వీణ కొనేవాళ్లు ఏడాదికి కొద్దిమంది, ఈ బహుమతి వీణలు మాత్రం ఆర్డర్ల మీద పోతుంటాయి. ఒప్పుకోవాలంటే కొంచెం కష్టంగానే ఉంది గానీ, పలకని వీణలే పలికే వీణలను పోషిస్తున్నాయి. వెక్కిరింతగా అనడం లేదు. ఆ బుజ్జి యాళి కోరల మీద పడిన ఉలి దెబ్బ కూడా పెద్దదాని మీద పడినంత శుభ్రంగా ఉంది.

"పలికే చిన్న వీణ చెయ్యరా? ఈ గిటారంత?" నేను అంతదూరం మోసుకొచ్చిన ప్రశ్న అసలు ఇదే.

పెద్దాయన నా గిటార్‌ను, తన వీణను పక్కపక్కన పడుకోబెట్టాడు. "దీనికి ఏ మెట్టు మీద ఏ సొరమో అదే. మాకలా కుదరదు. ఒక మెట్టు మీదే తీగ లాగి మూడు సొరాలు, నాలుగు సొరాలు పలికించాలి. లాగడానికి దండి మీద జాగా ఉండాల, తీగకి పొడుగుండాల. పొట్టి తీగైతే సుతి పైకెళ్లిపోద్ది. కిందికి దించితే వదులైపోయి గిలగిలలాడుద్ది." గాలి కూడా అంతే, చిన్న కుండలో మంద్రం నిలవదు. గమకానికి కావలసిన చోటు ఎంతో, వీణ అంత పొడుగుంది. పాలకొల్లు కుర్రాడు మాండలిన్ శ్రీనివాస్ అంత చిన్న వాయిద్యం మీద గమకాలు ఎలా పలికించాడని అడిగాను. "ఆ బాబు జంట తీగలు తీసీసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు, కరెంటు పెట్టుకున్నాడు" అని కాస్సేపు ఆగి, "పైగా ఆ బాబు వేరు" అన్నాడు. ఎనిమిది తీగల మాండలిన్‌ను శ్రీనివాస్ ఐదు తీగలకు దించిన సంగతి ఆయనకు తెలుసు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నా బ్రిడ్జి ఊడదీశాడు. వేడి చేసిన పల్చటి కత్తి సందులో దూర్చి, పలక చెక్క లేవకుండా, ఒక్కో నూలు జరుపుతూ. అది విడిపోయినప్పుడు చిన్న నిట్టూర్పు లాంటి చప్పుడు వచ్చింది. కింద పాత జిగురు గాజులా మెరుస్తోంది. గీకి, రెండు వైపులా గరుకు చేసి, "పూర్వం వజ్రం పెట్టేవాళ్లం" అంటూ ఫెవికాల్ డబ్బా తెరిచాడు. తోలుతో కాచే ఆ వజ్రం జిగురు వాసన తన తాతతోనే పోయిందట. బ్రిడ్జిని కూర్చోబెట్టి, పైన పనస చెక్క ముక్క వేసి, పెట్టె చుట్టూ తాడు బిగించి, తాడుకూ చెక్కకూ మధ్య చిన్న చీలికలు దిగగొట్టాడు. దెబ్బ దెబ్బకూ తాడు స్వరం పెరుగుతోంది. ఒక స్వరం దగ్గర ఆపేశాడు.

"రేపు పొద్దుటికి తాడు విప్పుతాను. తీగ మాత్రం ఇంకో రోజు వేయకండి."

ఆ సాయంత్రం బొబ్బిలి కోట వైపు వెళ్లొచ్చాను. 1757 జనవరి 24న ఇక్కడ జరిగిన యుద్ధం గురించి సినిమాలు, నాటకాలు, బుర్రకథలు చెప్పినంత నేను చెప్పలేను. స్మారక స్తంభం చుట్టూ పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. బంతి స్తంభానికి తగిలితే ఔటట.

మర్నాడు గిటార్ తెచ్చుకున్నాను. డబ్బులు ఎంతని అడిగితే, ఆయన చెప్పింది నగరంలో తీగల సెట్టుకు కూడా చాలదు. నేను ఎక్కువ ఇవ్వబోతే, "అయితే అది తీసుకోండి" అని అరలోంచి ఒక బుజ్జి వీణ ఇచ్చాడు. బేరం ఇద్దరికీ సరిపోయింది. పిన్నిగారికి ఇద్దామని తీసుకున్నాను.

తిరుగు బస్సులో కాళ్ల మధ్య గిటార్, ఒళ్లో పలకని వీణ. తుని దాటాక ముందు సీట్లోని పాప వెనక్కి తిరిగి చాలాసేపు చూసింది. వాళ్లమ్మ, "ఏదైనా వాయించండి అన్నయ్యగారూ, అది నిద్రపోవట్లేదు" అంది.

"రేపు సాయంత్రం దాకా తీగ వెయ్యకూడదమ్మా" అన్నాను.

పాప బుజ్జి వీణ అందుకుంది. టిక్, టిక్, అని అన్నవరం వరకూ వాయించింది.